లెక్కలు రాని పిల్లలా, లెక్కలోకి రాని పిల్లలా?

బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ హైస్కూల్లో అంబేడ్కర్ చదువుకున్న రోజుల నాటి ఒక సంఘటనను ధనంజయ్ కీర్ తన జీవితచరిత్ర గ్రంథంలో నమోదు చేశారు. ఉపాధ్యాయుడు ఒక లెక్క చేయమని భీమ్‌రావును నల్లబల్ల దగ్గరికి పిలిచాడు. తరగతిలో ఒక్కసారిగా అలజడి రేగింది. సవర్ణ విద్యార్థులు తమ అన్నం డబ్బాలను నల్లబల్ల వెనుక పెట్టుకునేవారు. ఆ బాలుడు బల్లను తాకేలోగా అందరూ పరుగెత్తి డబ్బాలను పక్కకు లాగేసుకున్నారు. ఆ తర్వాతే అతడు సుద్దముక్క పట్టుకోగలిగాడు.

అంటరానితనానికి ఉదాహరణగా ఈ సంఘటనను మనం తరచూ చెప్పుకుంటాం. చెప్పుకోవలసిందే. అయితే అది లెక్క చేయడానికి పిలిచిన సందర్భమన్న సంగతి మీద మన దృష్టి నిలవదు. పద్యం అప్పజెప్పేవాడు కూర్చున్న చోటి నుంచే అప్పజెప్పవచ్చు. లెక్క చేయాలంటే బల్ల దగ్గరికి వెళ్లాలి, అందరి ముందు తప్పు చేయాలి, చెరిపి మళ్లీ రాయాలి. తప్పు చేసే స్వేచ్ఛ ఎవరికి ఉంటుందో వారికే గణితం అబ్బుతుంది. ఇప్పుడు బల్ల వెనుక డబ్బాలు లేవు. వాటి స్థానంలో 'ఈ పిల్లల బుర్రకు లెక్కలు ఎక్కవు' అనే మాట ఉంది.

నేను సామాజిక శాస్త్రాల పరిశోధక విద్యార్థులకు గణాంక పద్ధతులు బోధిస్తాను. ప్రతి ఏటా మొదటి వారంలోనే కొందరు వచ్చి 'మాకు లెక్కలు రావు సార్' అని ముందుగానే ఒప్పేసుకుంటారు. వారిలో ఎక్కువ మంది గ్రామీణ ప్రభుత్వ పాఠశాలల నుంచో, సంక్షేమ హాస్టళ్ల నుంచో వచ్చినవారు. కులం గురించి, భూమి గురించి, రాజ్యాంగం గురించి గంటల తరబడి తర్కించగలిగినవారు. ఆ 'రావు' అన్న క్రియను గమనించండి. లెక్కలు వాటంతట అవే రావలసినవి, ఎందుకో రాలేదు, అందులో ఎవరి బాధ్యతా లేదు. 'మాకు లెక్కలు నేర్పలేదు' అని ఫిర్యాదు చేసిన విద్యార్థి నాకు ఇంతవరకూ తారసపడలేదు.

పిల్లలు గణితం ఎలా నేర్చుకుంటారన్న విషయం మీద గత 40 ఏళ్లుగా జరిగిన పరిశోధన ఈ 'రావు' అన్న మాటను నిలవనీయదు. 1985లో బ్రెజిల్‌లోని రెసిఫే నగరంలో టెరెజిన్యా నూనెస్, డేవిడ్ కారహర్, అనలూసియా ష్లీమన్ అనే పరిశోధకులు వీధుల్లో కొబ్బరికాయలు, మొక్కజొన్న కంకులు వంటివి అమ్ముకునే పేద పిల్లలను పరిశీలించారు. 9 నుంచి 15 ఏళ్ల లోపు వారు, ఐదుగురే. కొనుగోలుదారుల్లా వెళ్లి బేరమాడి, చిల్లర అడిగి, పిల్లలు చేసే లెక్కలను నమోదు చేశారు. తర్వాత అవే సంఖ్యలతో కాగితం మీద పరీక్ష పెట్టారు. బజారులో 98.2 శాతం సరైన సమాధానాలు వచ్చాయి. కథారూపంలో అడిగిన ప్రశ్నలకు 73.7 శాతం. ఉత్త అంకెలు వేసి గుణించమన్నప్పుడు 36.8 శాతం. అంగట్లో తప్పు చేయని పిల్లవాడు, అదే లెక్క కాగితం మీదికి వచ్చేసరికి తప్పుతున్నాడు.

ఆ అధ్యయనంలో పన్నెండేళ్ల బాలుడొకడు ఉన్నాడు. కాయ 35 క్రుజేరోలు అయితే పది కాయలు ఎంత అని అడిగితే, మూడు కాయలకు 105 అని మొదలుపెట్టి, మరో మూడు కలిపి 210, మరో మూడు కలిపి 315, మిగిలిన ఒక్కదానితో 350 అని తేల్చాడు. పక్కన సున్నా చేర్చాలన్న బడి సూత్రం అతని దారిలో లేదు. మూడు కాయల ధర అతనికి రోజూ అలవాటైన సంఖ్య, అక్కడి నుంచి మెట్లు కట్టుకున్నాడు. పంపక న్యాయాన్ని పుస్తకం చదవకుండానే వాడాడు. నాలుగు కాయలు ఎంత అంటే నోటితో 140 అన్న బాలుడే, 35ను 4తో గుణించమని కాగితం ఇస్తే 200 అని రాశాడు. నాలుగైదులు ఇరవై, సున్నా వేసి రెండు మిగుల్చుకోవాలి. ఆ రెండును గుణకారం తర్వాత కలపవలసింది పోయి ముందే మూడుకు కలిపి, అయిదు నాలుగులు ఇరవై అన్నాడు. బజారులో కాయలకు 200 అడిగితే కొనేవాడు నవ్విపోతాడని అతనికి తెలుసు. కాగితం మీద మాత్రం ఆ తెలివిడి పనిచేయలేదు, ఎందుకంటే కాగితం మీది అంకెలు దేనికీ ధర కావు. బడి అతనికి గుణకారం నేర్పే క్రమంలో, జవాబు నమ్మదగ్గదా కాదా అని చూసుకునే అలవాటును మాన్పించింది.

ఐదుగురు పిల్లలతో ఏం తేలుతుందని ఎవరైనా అడగవచ్చు. 2025లో 'నేచర్' పత్రికలో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, ఎలిజబెత్ స్పెల్కే తదితరులు ప్రచురించిన అధ్యయనం కోల్‌కతా, ఢిల్లీ మార్కెట్లలో పనిచేసే 1,436 మంది పిల్లల మీద జరిగింది. ఫలితం అదే. దాదాపు అందరూ అమ్మకంలో సంక్లిష్టమైన లెక్కలను చకచకా చేశారు. అంతే కష్టమైనవి, అంతకన్నా తేలికైనవి కూడా, బడి రూపంలో ఇస్తే చేయలేకపోయారు. బట్టీ పట్టడం వల్లనో, పక్కవారి సహాయం వల్లనో వారు బజారు లెక్కలు చేస్తున్నారన్న అనుమానాలను కూడా పరిశోధకులు పరీక్షించి తోసిపుచ్చారు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఆ అధ్యయనంలోని రెండో సగం. చుట్టుపక్కల బడుల్లో చదువుతూ, అమ్మకం అనుభవం లేని 471 మంది పిల్లలనూ పరీక్షించారు. వీరు సాదా కూడికలు, తీసివేతలు పనిపిల్లల కంటే మెరుగ్గా చేశారు. కానీ పనిపిల్లల్లో మూడో వంతుకు పైగా సాధించిన ఒక మార్కెట్ లెక్కను వీరిలో సాధించినవారు 1 శాతమే. కాగితం మీద గీతలు గీస్తూ, పొడవాటి దారుల్లో, ఎక్కడో తప్పిపోయారు. అంటే బడి తనలోకి రాని పిల్లలకే కాదు, తన బెంచీల మీద కూర్చున్న పిల్లలకు కూడా గణితం నేర్పడం లేదు. వారికి దక్కింది గణితపు ఆనవాలు మాత్రమే. అయితే ఆ ఆనవాలుకే మార్కులు పడతాయి, మార్కులకే సీట్లు వస్తాయి. అమ్ముకునే పిల్లవాడి లెక్కకు ఏ సర్టిఫికెట్టూ లేదు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. శ్రామిక కులాల పిల్లలకు సహజ జ్ఞానం ఉందని చెప్పగానే, 'అయితే వాళ్ల వృత్తి వాళ్లకు నేర్పితే చాలదా' అనే పెద్దమనుషులు మన మధ్య ఎప్పుడూ ఉంటారు. 1953లో మద్రాసు రాష్ట్రంలో రాజాజీ ప్రవేశపెట్టిన సవరించిన ప్రాథమిక విద్యా పథకం అదే. సగం పూట బడి, మిగతా సగం తండ్రి వృత్తి. పెరియార్ దాన్ని కులవిద్య అని పిలిచి పోరాడారు. రాజాజీ పదవి వదలవలసి వచ్చింది, 1954లో కామరాజ్ ప్రభుత్వం ఆ పథకాన్ని రద్దు చేసింది. మగ్గం మీద పోగులు లెక్కించే పిల్లలో, రాయి కొట్టి ఘనపుటడుగులు అంచనా వేసే పిల్లవాడిలో గణితం ఉంది అనడం వేరు. అక్కడే ఉండిపొమ్మనడం వేరు. కొబ్బరికాయల బాలుడి పద్ధతి పదికి పనిచేస్తుంది, పదివేలకు పనిచేయదు, బీజగణితానికి అసలే పనిచేయదు. అతనికి కాగితం కావాలి. తన చేతిలో ఉన్నదాన్ని వదులుకోకుండా కాగితం దాకా నడిచే దారి కావాలి.

పైగా శ్రామికుల లెక్క ఎప్పుడూ స్వేచ్ఛగా లేదు. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక అని కూలికి వెళ్లే ప్రతి స్త్రీకీ తెలుసు. కానీ కూలి గింజలు కొలిచే కుంచం ఆసామి ఇంట్లో ఉండేది. నిండుగా పోస్తే ఒక కొలత, గీసి పోస్తే మరో కొలత. చేసిన పనికి ఎంత రావాలో ఆమె మనసులో ఉండేది, ఎంత ఇచ్చారో కరణం పుస్తకంలో ఉండేది. తమిళ ప్రాంతపు తిన్నె బడుల గణితం మీద డి. సెంథిల్ బాబు 2022లో వెలువరించిన గ్రంథం, కొలిచేవారికీ కొలిపించుకునేవారికీ మధ్య గల ఈ సంబంధాన్ని వివరంగా చర్చించింది. జోతిరావు ఫూలే 1882లో హంటర్ కమిషన్‌కు ఇచ్చిన వాంగ్మూలంలో ప్రాథమిక పాఠ్యక్రమంలో జమాఖర్చుల లెక్కలు ఉండాలని కోరారు. కులకర్ణి లెక్కల్లో రైతు ఎలా చిక్కుకుంటాడో చూసిన మనిషి ఆయన. ఉపాధి హామీ మట్టిపనుల్లోనూ పొడవు, వెడల్పు, లోతు కొలిచి కూలి కట్టారు. మీటరు లోతును తొంభై సెంటీమీటర్లుగా రాస్తే కూలిలో పదో వంతు పోతుంది. ఈ గుణకారం తెలిసిన కూలీ అడ్డం తిరగగలదు.

ఇక తరగతి గదిలోకి వద్దాం. 52 నుంచి 37 తీసేయమంటే ఒక పిల్ల 25 అని రాసింది అనుకోండి. ఉపాధ్యాయుడు ఎర్రసిరాతో అడ్డగీత కొడతాడు. నిజానికి ఆ పిల్ల ఒక నియమాన్ని తు.చ. తప్పకుండా పాటించింది: ఏ స్థానంలోనైనా పెద్ద అంకెలోంచి చిన్న అంకెను తీసేయాలి. ఏడులోంచి రెండు పోతే అయిదు, అయిదులోంచి మూడు పోతే రెండు. 1978లో బ్రౌన్, బర్టన్ అనే పరిశోధకులు పిల్లల తీసివేత తప్పుల్లో ఇలాంటి క్రమబద్ధమైన నియమాలు ఉంటాయని చూపించారు. ఆ పిల్లకు తెలియనిది తీసివేత కాదు. 52లోని 5 అంటే యాభై అన్న సంగతి. పది పుల్లల కట్టలు అయిదు, విడి పుల్లలు రెండు చేతికిచ్చి, ఒక కట్ట విప్పనిస్తే ఆ సంగతి ఆమె చేతి ద్వారా తలకు ఎక్కుతుంది. తప్పును చదవగలిగిన ఉపాధ్యాయుడికి అరగంట పని. చదవలేనివాడికి ఆ తప్పు పిల్ల స్వభావంగా కనిపిస్తుంది. ఆ స్వభావానికి ఇంటి పేరు, హాస్టల్ పేరు, వాడ పేరు సులభంగా అతుక్కుంటాయి.

ఇది నా ఊహ అనుకోనక్కరలేదు. కార్లా హాఫ్, ప్రియాంక పాండే ఉత్తరప్రదేశ్ గ్రామీణ ప్రాంతంలో 642 మంది ఆరు, ఏడు తరగతుల బాలురకు కాగితం మీది చిక్కుదారుల పజిళ్లు ఇచ్చారు. సగం మంది అగ్రకులాల వారు, సగం మంది నిమ్నకులాలుగా ముద్రపడిన వారు. కులం ప్రస్తావన లేనప్పుడు రెండు వర్గాల ఫలితాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. తండ్రి పేరు, తాత పేరు, కులం అందరి ముందూ చదివి వినిపించాక పెద్ద అంతరం ఏర్పడింది. మరో అధ్యయనంలో రేమా హన్నా, లీ లిండెన్ జవాబు పత్రాల మీద విద్యార్థుల కులాన్ని యాదృచ్ఛికంగా రాసి ఉపాధ్యాయులతో దిద్దించారు. నిమ్నకులం అని రాసిన పత్రాలకు కొద్దిగా తక్కువ మార్కులు పడ్డాయి. తేడా చిన్నదే, కానీ పత్రం లోపల ఉన్నది అదే. అక్కడ మనకు మింగుడుపడని విషయం మరొకటి బయటపడింది. ఆ వివక్ష ఎక్కువగా కనిపించింది నిమ్నకులాల ఉపాధ్యాయుల దిద్దుబాటులో. మనవాడిని నియమిస్తే చాలు, తరగతి దానంతట అదే మారుతుందనుకునే మన ఉద్యమ మిత్రులు ఈ ఫలితాన్ని కాస్త నింపాదిగా చదవాలి. నియామకాల్లో వాటా కావాలి, సందేహం లేదు. దానితోపాటు శిక్షణా కావాలి.

మరి ఏది పనిచేస్తుంది? 'అసర్' 2024 గ్రామీణ సర్వే ప్రకారం దేశంలో అయిదో తరగతి పిల్లల్లో భాగహారం చేయగలిగినవారు 30.7 శాతం. మిగిలిన డెబ్బై మందీ కూర్చుని అయిదో తరగతి పుస్తకంలోని భిన్నాలు వింటున్నారు. తరగతిని బట్టి కాక పిల్లల స్థాయిని బట్టి బోధించాలన్న ఆలోచనకు బలమైన ఆధారాలున్నాయి. ముంబయి, వడోదరలలో వెనుకబడిన పిల్లలను రోజూ కొన్ని గంటలు విడిగా కూర్చోబెట్టి, స్థానిక యువతులతో ప్రాథమికాంశాలు చెప్పించిన 'బాలసఖి' కార్యక్రమం వల్ల చదువులో స్పష్టమైన మెరుగుదల కనిపించింది. అయితే స్థాయిని బట్టి బెంచీలు వేయడం మన ఊళ్లలో ఎటు దారితీస్తుందో చెప్పనక్కరలేదు. ఆ గుంపులు గంటసేపటివి కావాలి, నెలకోసారి మారాలి. 'సి సెక్షన్' అనే శాశ్వత వాడ వెలిస్తే పాత వ్యాధికి కొత్త మందు పేరు పెట్టినట్టే.

ఆటల గురించీ చాలా ఉత్సాహం ఉంది. అమెరికాలో సీగ్లర్, రమణి పేద కుటుంబాల చిన్నపిల్లలతో ఒకటి నుంచి పది వరకు వరుస గళ్లున్న బల్ల ఆటను రెండు వారాల్లో నాలుగుసార్లు, పావుగంట చొప్పున ఆడించారు. సంఖ్యల పరిమాణాన్ని అంచనా కట్టడంలో ఆ పిల్లలు మధ్యతరగతి పిల్లలను అందుకున్నారు. అష్టాచెమ్మాలో గవ్వలు వేసి గళ్లు లెక్కించిన తరాలకు ఇందులో వింత లేదు. కానీ 2017లో వెలువడిన ఢిల్లీ అధ్యయనం మరో పాఠం చెప్పింది. 1,540 మంది చిన్నారులతో గణిత ఆటలు ఆడించగా వారి సహజ గ్రహణశక్తి పెరిగి నిలిచింది, బడి లెక్కలకు మాత్రం ఆ మేలు చేరలేదు. ఆట ఒడ్డునే ఆగిపోయింది. చుక్కల గుంపునూ, దాని అంకెనూ, దాని పేరునూ పక్కపక్కన పెట్టి కలిపేవారు లేకపోతే ఆట ఆటగానే మిగులుతుంది. కోల్‌కతా మార్కెట్ పిల్లల విషయంలోనూ తెగిపోయింది ఈ వంతెనే.

ఈ వంతెనలో భాషకు పెద్ద పాత్ర ఉంది. మన 'పదకొండు', 'పదమూడు', 'పదహారు' అన్న మాటల్లో పది వినిపిస్తూనే ఉంటుంది. 'ఇరవై మూడు' అంటే ఇరవై, దాని మీద మూడు. ఇంగ్లిష్ 'లెవెన్', 'ట్వెల్వ్' లలో పది కనిపించదు, 'థర్టీన్'లో మూడు ముందుకొచ్చి కూర్చుంటుంది. చైనా, అమెరికా చిన్నారుల లెక్కింపును పోల్చిన మిల్లర్ బృందం 1995లో గమనించింది ఇదే. పది దాకా ఇద్దరూ సమానం, పది దాటాక సంఖ్యల పేర్లు స్పష్టంగా ఉన్న చైనా పిల్లలు ముందుకు సాగారు. ఇది చెప్పగానే నన్ను ఇంగ్లిష్ మాధ్యమ వ్యతిరేకుల జాబితాలో చేర్చవద్దు. తమ పిల్లలను కాన్వెంటుకు పంపి, దళిత బహుజన పిల్లలకు మాతృభాషా మాధుర్యం బోధించేవారికి ఆ నైతిక అర్హత లేదు. ఇంగ్లిష్ హక్కు. ఒకటి, రెండు తరగతుల్లో స్థానవిలువను తెలుగులోనో, గోండీలోనో, లంబాడీలోనో పిల్ల తన నోటితో చెప్పగలగడమూ హక్కే. రెండు రాష్ట్రాలూ ద్విభాషా పాఠ్యపుస్తకాలు ముద్రించాయి. వాటిని ఎదురెదురు పుటలుగా వాడుతున్న తరగతులు ఎన్ని? ప్రైవేటు బడికి పంపితే చాలన్న భ్రమ కూడా వద్దు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 180 గ్రామాల్లో లాటరీ ద్వారా ప్రైవేటు బడులకు పంపిన పిల్లలను కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ నాలుగేళ్లు పరిశీలించారు. తెలుగులో, గణితంలో వారు ప్రభుత్వ బడి పిల్లల కంటే మెరుగుపడలేదు.

ఇదంతా చిన్నపిల్లల సంగతి, రాజకీయ పుటలో ఎందుకని అడిగే విద్యార్థి మిత్రుల ముందు ఒక లెక్క పెడతాను. 2018 మార్చిలో యూజీసీ, అధ్యాపక నియామకాల్లో రిజర్వేషన్లకు విశ్వవిద్యాలయాన్ని కాక ఒక్కో విభాగాన్ని యూనిట్‌గా తీసుకోవాలని ఆదేశించింది. శాతాలేమీ మార్చలేదు. ఓబీసీలకు 27, ఎస్సీలకు 15, ఎస్టీలకు 7.5 శాతం అలాగే ఉన్నాయి. ఒక విశ్వవిద్యాలయంలో 20 విభాగాలు, ఒక్కోదానిలో ఆరు పోస్టులు, మొత్తం 120 అనుకుందాం. విశ్వవిద్యాలయం యూనిట్ అయితే ఎస్సీలకు 18, ఎస్టీలకు 9, ఓబీసీలకు 32 పోస్టులు. విభాగం యూనిట్ అయితే 15 శాతం ఒక పూర్తి పోస్టుగా మారేది ఏడో స్థానంలో, 7.5 శాతం మారేది పద్నాలుగో స్థానంలో. ఓబీసీకి నాలుగో స్థానం. ఆరు పోస్టుల విభాగంలో మొదటి వరుసలో ఎస్సీకి సున్నా, ఎస్టీకి సున్నా, ఓబీసీకి ఒకటి. ఇరవై విభాగాలు కలిపినా ఎస్సీ, ఎస్టీలకు సున్నాయే, ఓబీసీలకు 20. భిన్నాలను కలిపి గుండ్రం చేయడానికీ, గుండ్రం చేసి కలపడానికీ ఉన్న తేడా అంత. రాజ్యాంగంలో ఒక్క అక్షరం మారకుండా 27 మంది ఎస్సీ, ఎస్టీ అధ్యాపకులు కాగితం మీద నుంచి మాయమయ్యారు. దేశవ్యాప్తంగా నిరసనలు లేచాక 2019లో పార్లమెంటు చట్టం చేసి పాత పద్ధతిని నిలబెట్టింది.

ఆ రోజుల్లో నా తరగతిలో కూడా '13 పాయింట్ల రోస్టర్ రద్దు చేయాలి' అన్న నినాదం మారుమోగింది. బల్ల మీద ఆ పట్టికను వేసి చూపమంటే చాలామంది తటపటాయించారు. కూర్చుని ఒకసారి వేశాక, ఒక గంటలో, వారే ఎనిమిది, పది, పదిహేను పోస్టుల విభాగాలకు పట్టికలు తయారు చేశారు. ఏడు, పద్నాలుగు ఎందుకు వచ్చాయో కనిపెట్టారు. లెక్కలు రావన్నవారే వారు. కులగణన జరగబోతున్న, వర్గీకరణ అమలవుతున్న ఈ కాలంలో వాటాల వాదన అంతా నిష్పత్తుల్లోనే సాగుతుంది. ఆ నిష్పత్తులకు పునాది పడవలసిన చోటు మూడో తరగతి.

నిపుణ్ భారత్ కార్యక్రమం 2026-27 నాటికి మూడో తరగతి ముగిసేలోగా ప్రతి బిడ్డకూ సంఖ్యాజ్ఞానం కల్పిస్తామని 2021లో ప్రకటించింది. గడువు వచ్చేసింది. జాతీయ సాధన సర్వే సామాజిక వర్గాల వారీగా సగటులు ప్రకటించేది. ఎస్సీ, ఎస్టీ పిల్లలు ఎన్ని మార్కులు వెనుకబడ్డారో ఆ సగటు చెప్పేది, 52లో 37 తీసేయడంలో వారు ఎక్కడ ఆగారో చెప్పేది కాదు. విద్యార్థి సంఘాలు మండల విద్యాధికారి కార్యాలయానికి వినతిపత్రం ఇచ్చేటప్పుడు భవనాలు, బెంచీలు, మరుగుదొడ్లతోపాటు ఈ మూడింటినీ చేర్చవచ్చు: మూడో తరగతి పిల్లల తీసివేత తప్పుల రకాలను ప్రతి బడీ నమోదు చేయాలి, ఆ నమోదును చదివే శిక్షణ ఉపాధ్యాయులకు ఇవ్వాలి, విడి గుంపుల్లో కూర్చోబెట్టిన పిల్లలు ఎన్ని వారాలకు తిరిగి తరగతిలో కలిశారో కులాల వారీగా బయటపెట్టాలి.